మీకు తెలుసా? ఎడారి గాలిలో చెవి మిషన్ వింతలు

జగిత్యాల బస్టాండులో అడగండి, రియాద్‌లోని బత్తా బజారులో అడగండి, మనవాళ్ళు దాన్ని ‘చెవి మిషన్’ అనే అంటారు. డాక్టర్ల నోట డిజిటల్ హియరింగ్ ఎయిడ్. చింతగింజంత వస్తువు! దాన్ని సౌదీ అరేబియాకు తీసుకెళితే ఏసీ మోత, ఇసుక గాలి, పాలరాతి హాళ్ళు, లౌడ్‌స్పీకర్లు అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఆ తిప్పల చుట్టూ నేను ఏరుకున్న ముచ్చట్లివి. వరసేమీ లేదు, ఎక్కడ తెరిస్తే అక్కడినుంచే చదువుకోండి.

సౌదీలో ట్రాన్స్‌ఫార్మర్ మన ట్రాన్స్‌ఫార్మర్ కంటే పై స్వరంలో పాడుతుంది! మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగితే వాళ్ళది 60 సార్లు ఊగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మోత దానికి రెట్టింపు, అంటే ఇక్కడ 100, అక్కడ 120. సంగీతం నేర్చుకున్నవాళ్ళకో ప్రశ్న: 100ని షడ్జమం అనుకుంటే 120 ఏ స్వరం అవుతుంది? తొందర లేదు, జవాబు కింద ఎక్కడో దొరుకుతుంది.

పక్కనున్న కువైట్, బహ్రెయిన్, ఖతార్, ఎమిరేట్స్, ఒమన్‌లలో మాత్రం మనలాగే 50! ఈ తేడా వల్లే సౌదీకి, ఇరుగుపొరుగుకు మధ్య కరెంటు ఇచ్చిపుచ్చుకోవడానికి అల్ ఫాదిలీ అనే చోట ప్రత్యేకంగా ఒక మార్పిడి కేంద్రమే కట్టాల్సి వచ్చింది.

ఏది మాటో, ఏది ఏసీ మోతో చెవి మిషన్‌కు ఎలా తెలుస్తుందంటారు? భాష తెలిసి కాదు, లెక్క తెలిసి! మాట సెకనుకు నాలుగైదు సార్లు అక్షరం అక్షరానికీ లేచి పడుతుంది, ఏసీ మోత మాత్రం లేవదు, పడదు, ఒకే తీరున సాగుతుంది. ‘లేచిపడనిది మాట కాదు’ అనుకుని మిషన్ దాని గొంతు తగ్గిస్తుంది. తెలుగైనా అరబీ అయినా ఇదే సూత్రం.

ఒక్క ఏసీ తాగే కరెంటుతో దాదాపు పది లక్షల చెవి మిషన్లు నడుస్తాయి! మిషన్‌కు కావలసింది ఒకటి రెండు మిల్లీవాట్లు, మామూలు గది ఏసీకి వెయ్యిన్నర వాట్లు. గుణించి చూసుకోండి.

చెవి మిషన్ బ్యాటరీ గాలి పీలుస్తుంది! జింక్-ఎయిర్ బ్యాటరీ మీద సన్నటి రంధ్రాలుంటాయి. వాటికి అంటించిన రంగు స్టిక్కరు పీకగానే ఆక్సిజన్ లోపలికి వెళ్ళి కరెంటు పుడుతుంది. అందుకే స్టిక్కరు తీశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి అమర్చమంటారు. ఊపిరి తీసుకోనివ్వాలి కదా!

ఇంకో వింత. అదే బ్యాటరీ రియాద్‌లో ఎండిపోతుంది, జెద్దాలో చెమ్మగిల్లుతుంది! రియాద్ గాలి పొడి, ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న జెద్దా గాలి తడి. లోపలి రసం రెండూ భరించలేదు.

ఆ స్టిక్కరు రంగు చూసి సైజు చెప్పేయవచ్చు: పసుపు అయితే 10, గోధుమ రంగు అయితే 312, నారింజ అయితే 13, నీలం అయితే 675! ఏ కంపెనీది కొన్నా రంగు మారదు. చూపు మందగించిన తాతయ్యలు కూడా రంగు పేరు చెప్పి తెచ్చుకోవచ్చు.

అరబీలో చెవి మిషన్‌కు ఉన్న పేరే హెడ్‌ఫోనుకు, టెలిఫోను రిసీవరుకు, డాక్టరు మెడలో స్టెతస్కోపుకు, ఆఖరికి లౌడ్‌స్పీకరుకు కూడా ఉంది! ‘సమ్మాఆ’ అంటే వినిపించేది అనే అర్థంలో వాడతారు. చెవి మిషన్ అని తేల్చి చెప్పాలంటే పక్కన ఇంకో మాట తోకలా తగిలించాలి. లేకపోతే దుకాణంవాడు ఏమి తెచ్చిస్తాడో!

మక్కా గడియారం చెవిటివారికి కూడా ప్రార్థన వేళ చెబుతుంది! 601 మీటర్ల ఆ గోపురం మీద 21 వేల తెల్లని, ఆకుపచ్చని దీపాలు అజాన్ వేళకు మిలమిలా వెలుగుతాయి. 30 కిలోమీటర్ల దూరానికి కనిపిస్తాయని లెక్క. వినలేనివాళ్ళు చూసి తెలుసుకోవచ్చన్నమాట.

ఆ గడియారం ముఖం వెడల్పు 43 మీటర్లు! లండన్ బిగ్‌బెన్ ముఖాలను పక్కపక్కన ఆరు పేర్చినా ఇంకా కాస్త చోటు మిగులుతుంది.

అదే గోపురం మీది లౌడ్‌స్పీకర్ల అజాన్ 7 కిలోమీటర్ల దాకా వినిపిస్తుందంటారు. మరి అంత దూరంలో ఉన్నవాడికి ఎంత ఆలస్యంగా వినిపిస్తుందో చెప్పండి చూద్దాం? దాదాపు 20 సెకన్లు! దీపం వెలుగు కన్ను మూసి తెరిచే లోపే వచ్చేస్తుంది, శబ్దం మాత్రం తాపీగా నడిచి వస్తుంది.

ఆ నడక కూడా రియాద్ ఎండలో వేగం పుంజుకుంటుంది! 20 డిగ్రీల చల్లదనంలో సెకనుకు 343 మీటర్లు పోయే శబ్దం 45 డిగ్రీల ఎండలో 358 మీటర్లు పోతుంది. ఎండకు మనం నీరసపడతాం, శబ్దానికి హుషారొస్తుంది.

2021 మే నెలలో సౌదీ ప్రభుత్వం మసీదు లౌడ్‌స్పీకర్ల స్థాయి మూడో వంతు దాటకూడదని ఆదేశించింది! బయటి స్పీకర్లను అజాన్‌కు, ఇకామాకు మాత్రమే వాడాలని కూడా చెప్పింది. ఇకామా అనగానే మన గల్ఫ్ అన్నలు జేబు తడుముకుంటారు. నివాస అనుమతి కార్డుదీ, నమాజు మొదలవుతోందని చెప్పే రెండో పిలుపుదీ అరబీలో ఒకటే పేరు మరి!

మూడో వంతు అంటే చెవికి మూడో వంతు వినిపిస్తుందనుకున్నారా? శబ్దశక్తిని మూడో వంతుకు దించితే తగ్గేది సుమారు 5 డెసిబెల్లే! సగమైందని మన చెవికి అనిపించాలంటేనే 10 డెసిబెల్లు, అంటే శక్తి పదో వంతుకు తగ్గాలి. చెవిని మోసం చేయడం అంత సులువు కాదు.

మనిషి చెవి వినగలిగిన అతి సన్నని శబ్దానికీ, నొప్పి పుట్టించే శబ్దానికీ మధ్య శక్తి తేడా లక్ష కోట్ల రెట్లు! ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. అన్ని సున్నాలు రాయలేకే డెసిబెల్ లెక్క పెట్టుకున్నారు.

సున్నా డెసిబెల్ అంటే నిశ్శబ్దం కాదు! ఆరోగ్యమైన కుర్ర చెవికి లీలగా వినిపించే శబ్దం దగ్గర సున్నా గీత గీశారంతే. 2015లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ గదిలో సున్నాకు కింద 20.6 దాకా కొలిచారు.

చెవిలోని అతి చిన్న ఎముక బరువు సుమారు 3 మిల్లీగ్రాములు! అలాంటివి అరడజను తూకం వేసినా ఒక్క బియ్యపు గింజకు సరితూగడం కష్టం.

మన లోపలి చెవిలో వినికిడి రోమకణాలు దాదాపు 15 వేలే! కంటిలో వెలుగును పట్టే కణాలు పన్నెండు కోట్ల పైచిలుకు ఉంటే చెవి ఇంత చిన్న సైన్యంతో నెట్టుకొస్తోంది.

ఆ రోమకణాలు పోతే మనకు మళ్ళీ మొలవవు, కోడికి మొలుస్తాయి! పక్షుల చెవుల్లో అవి తిరిగి పుడతాయని 1980ల చివర్లో కనుగొన్నారు. ఆదివారం కోడి తినేటప్పుడు ఈ సంగతి గుర్తొచ్చి నాకు కాస్త అసూయ కలుగుతుంది.

శబ్దం 3 డెసిబెల్లు పెరిగితే చెవికి క్షేమమైన సమయం సగమైపోతుంది! 85 డెసిబెల్ల దగ్గర 8 గంటలు, 88 దగ్గర 4 గంటలు, ఇలా దిగుతూ దిగుతూ 100 డెసిబెల్లకు చేరేసరికి మిగిలేది 15 నిమిషాలే. రోడ్డు పగలగొట్టే డ్రిల్లు పక్కన నిలబడే మన నిజామాబాద్, కడప కుర్రాళ్ళు చెవుల్లో బిరడాలు పెట్టుకోకపోతే పూట పని మొదలై తొలి చాయ్ రాకముందే ఆ కోటా ఖర్చు.

ముసలితనంలో ముందు పోయేది పిచ్చుక కిచకిచే! పై శ్రుతి శబ్దాలను పట్టే రోమకణాలు నత్తగుల్లలాంటి లోపలి చెవికి సరిగ్గా గుమ్మం దగ్గర ఉంటాయి, వయసు దెబ్బ అక్కడే ముందు తగులుతుంది. కొన్ని డిజిటల్ మిషన్లు ఆ కిచకిచను కింది శ్రుతికి దించి వినిపిస్తాయి. పిచ్చుక కాస్త బొంగురుపోయినట్టుంటుంది గానీ, ఉందని తెలుస్తుంది కదా!

సెకనుకు 17,400 సార్లు ఊగే శబ్దం మనవడికి వినిపిస్తుంది, తాతకు వినిపించదు! ఈ సంగతి తెలిసిన పిల్లలు కొన్ని దేశాల్లో దాన్ని ఫోను రింగుగా పెట్టుకుని క్లాసులో మాస్టారికి తెలియకుండా మెసేజీలు అందుకున్నారు.

తాతయ్యను ‘పాలు కావాలా’ అని అడిగితే ‘చాలు’ అంటాడెందుకు? అచ్చులకు బలమెక్కువ, హల్లులకు అర్థమెక్కువ! పాలు, చాలు, తాలు, కాలు అన్నిటిలో ‘ఆలు’ గట్టిగానే వినిపిస్తుంది, మొదటి హల్లే గాలిలో కలిసిపోతుంది. గట్టిగా అరిస్తే అచ్చే ఇంకా పెద్దదవుతుంది. పాపం, అరిచినవాడి గొంతు పోతుంది, తాతయ్యకు పాలూ రావు.

‘ప’కూ ‘బ’కూ తేడా సెకనులో నూరో వంతులు కొన్నే! పెదవులు విడివడే వేళకు గొంతు ముందే మోగిందా, తర్వాత మోగిందా అన్నదే ఆ తేడా. అరబీలో ‘ప’ లేదు కనుక పెప్సీ అక్కడ బెబ్సీ అవుతుంది. సౌదీలో కొత్తగా దిగిన తెలుగువాడు మొదట తన చెవినే అనుమానిస్తాడు.

డిజిటల్ మిషన్ శబ్దాన్ని కొత్తిమీరలా తరుగుతుంది! సెకనుకు 20 వేల ముక్కలు అనుకుంటే రోజుకు 16 గంటలు పెట్టుకున్నవాడికి 115 కోట్ల ముక్కలు అవుతాయి. చింతగింజ ఆ పని అలవకుండా చేస్తుంది.

ఒక్కో ముక్కకు 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు! 16 బిట్ల లెక్కలో వచ్చే మెట్లివి, డెసిబెల్లలో చెబితే దాదాపు 96. సన్నాయి మేళం పక్కన కూర్చుంటే శబ్దం ఆ పైమెట్టును కూడా దాటేస్తుంది, పాత మిషన్లలో తల తెగిన పాట బరబరమంటూ వినిపించేది అందుకే.

చెవి మిషన్‌కు వేణువంటే భయం! మైకు, స్పీకరు వేలెడు దూరంలో ఉంటాయి కనుక పెళ్ళి పందిట్లో మైకు కూసినట్టు అది కూడా ‘కుయ్’మంటుంది. ఆ కూతకు సరిగ్గా తిరగేసిన అలను పుట్టించి మిషన్ దాన్ని చంపేస్తుంది. చిక్కేమిటంటే, వేణువు మీద నిలిపిన స్వరం కూడా దానికి కూతలాగే అనిపిస్తుంది! అరబ్బుల పిల్లనగ్రోవి ‘నాయ్’ అయినా అంతే. మ్యూజిక్ ప్రోగ్రాం అని విడిగా ఒకటి పెట్టేది ఇందుకే.

మిషన్ మీది రెండు మైకుల మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు, దాన్ని దాటడానికి శబ్దానికి పట్టేది సెకనులో పదిలక్షలో వంతులు 29! రెప్ప ఒకసారి వాలి లేచే లోపు ఆ దూరాన్ని మూడు వేల సార్లకు పైగా దాటవచ్చు. ఆ 29 చూసే మిషన్, శబ్దం ముందునుంచి వచ్చిందా వెనకనుంచి వచ్చిందా అని తేల్చి, వెనకది తగ్గిస్తుంది.

గాలి హోరును మిషన్ ఎలా పట్టేస్తుందో తెలుసా? రెండు మైకులను సాక్షుల్లా విచారిస్తుంది! మాటైతే ఇద్దరు సాక్షులూ ఒకే కథ చెబుతారు. గాలి ఒక్కో మైకు మూతి దగ్గర ఒక్కోలా సుడి తిరుగుతుంది కనుక కథలు పొంతన కుదరవు. సౌదీ తూర్పు తీరాన వాయవ్యం నుంచి ‘షమాల్’ గాలి వీచే రోజుల్లో ఈ విచారణ క్షణం ఆగదు.

తలకు కట్టుకునే గుత్రా బట్ట చెవి మిషన్‌కు రాపిడి రాగం వినిపిస్తుంది! మైకు చెవి వెనక ఉంటుంది, తల తిప్పినప్పుడల్లా బట్ట దాని మీద రాసుకుంటుంది. మన అమ్మమ్మల కొంగు ముసుగుకీ ఇదే కథ.

ఒంటె చెవుల్లో ఇసుక దూరకుండా వెంట్రుకల తెర ఉంటుంది! చెవి మిషన్‌కు కూడా సరిగ్గా అలాంటి చిన్న జల్లెడ పెడతారు. ఎడారిలో ఇసుకకు, మిగతా ప్రపంచంలో గులిమికి. మరమ్మతుకు వచ్చే మిషన్లలో చాలావాటి జబ్బు ఒట్టి గులిమే!

ఎడారి ఇసుక గర్జిస్తుంది! రుబ్ అల్ ఖాలీ దిబ్బల మీద ఇసుక జారినప్పుడు పుట్టే మోతను 1932లో ఆ ఎడారి దాటిన ఫిల్బీ అనే యాత్రికుడు విని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఇలాంటి దిబ్బల మోత 105 డెసిబెల్ల దాకా పోతుంది, లోతైన ఒకే శ్రుతిలో సాగుతుంది. లేచిపడని మోత కదా! చెవి మిషన్ దాన్ని ఏసీ అనుకుని నోరు నొక్కేస్తుంది కాబోలు.

మాట 8 మిల్లీ సెకన్లు ఆలస్యమైనా కొందరి చెవి పట్టేస్తుంది! నేరుగా వచ్చిన శబ్దం ముందు, మిషన్ వండి వడ్డించింది వెనక చేరితే రెండూ కలిసి తపేలాలో మాట్లాడినట్టుంటుంది. అందుకే ఇంజనీర్లు ఈ ఆలస్యాన్ని ఒక్కో మిల్లీ సెకనూ గీకి గీకి తగ్గిస్తుంటారు.

ఓ ఆట ఆడదామా? రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని ముందు ‘ఆ’ అనండి, తర్వాత ‘ఈ’ అనండి. ‘ఈ’ ఎక్కువ గుయ్యిమంది కదూ! గొంతులోంచి ఎముకల దారిన వచ్చే మోత మూసిన చెవిలో చిక్కుకుపోతుంది, నాలుక పైకి లేచి నోరు ఇరుకయ్యే ‘ఈ’కి అది మరీ ఎక్కువ. చెవి మిషన్ మూతికి సన్నని గాలి రంధ్రం పెట్టేది ఈ గుయ్యి బయటికి పోవడానికే.

శబ్దాన్ని మరీ శుభ్రంగా తుడిస్తే మిషన్ పాటలు పాడుతుంది! 1979లో స్టీవెన్ బోల్ అనే ఇంజనీరు రొద కొలిచి దాన్ని మొత్తంలోంచి తీసేసే పద్ధతి చెప్పాడు. బాగానే ఉంది గానీ, తీసివేతలో మిగిలిపోయిన చిల్లర శబ్దం బుడగలు పగిలినట్టు కిలకిలమంటుంది. దానికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరేమిటో ఊహించండి: సంగీత రొద!

అన్నిటికన్నా నన్ను నిలబెట్టేసిన వింత ఇది. మామూలు రొద తగ్గింపు పద్ధతి మాటను అంతగా స్పష్టం చేయదు! రొద తగ్గితే తల నొప్పి తగ్గుతుంది, వినే శ్రమ తగ్గుతుంది, కానీ అర్థమయ్యే పదాల సంఖ్య పెద్దగా పెరగదని పరీక్షలు మళ్ళీ మళ్ళీ చూపాయి. రొదా మాటా ఒకే శ్రుతిలో కలగలిసి ఉంటే, ఒకదాన్ని నొక్కితే రెండోదీ నలుగుతుంది. పాలలో నీళ్ళు వేరు చేసే హంస కథలోనే గానీ చింతగింజలో ఎక్కడ దొరుకుతుంది?

ఆ హంస దొరికినట్టే ఉంది! 2013లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు న్యూరల్ నెట్‌వర్కుకు రొదలోంచి మాట ఏరడం నేర్పారు. దాని సాయంతో విన్న వినికిడి లోపం ఉన్నవాళ్ళు, జనం గోల మధ్య, సాయం లేని మామూలు చెవులవాళ్ళను మించిపోయారు.

2021లో వచ్చిన ఒటికాన్ మోర్ అనే మిషన్‌కు కోటీ ఇరవై లక్షల శబ్ద సన్నివేశాలు వినిపించి శిక్షణ ఇచ్చారు! నిమిషానికి ఒకటి చొప్పున మనం నిద్రాహారాలు మాని వింటే ఇరవై రెండేళ్ళు దాటుతుంది.

పదిమంది మాట్లాడుతుంటే ఒక్కరినే ఎలా వింటాం? 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ఈ చిక్కుకు ‘కాక్‌టెయిల్ పార్టీ సమస్య’ అని పేరు పెట్టాడు. సౌదీలో కాక్‌టెయిళ్ళెక్కడివి! అక్కడ దీన్ని అరబ్బు కాఫీ గహ్వా తాగుతూ కూర్చునే మజ్లిస్ సమస్య అనాలి, మన దగ్గరైతే పెళ్ళి బంతి సమస్య.

పాలరాతి హాల్లో చెవి మిషన్ తెల్లమొహం వేస్తుంది! రెండు సెకన్లు మోగే పెద్ద గుమ్మటం కింద, సెకనుకు అయిదు అక్షరాలు పలికేవాడి పది అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రతిధ్వని కూడా లేచిపడే మాటే కదా, దాన్ని రొద అని ఎలా తోసేయడం?

మక్కా పెద్ద మసీదులో స్పీకర్లు ఎన్నో తెలుసా? సుమారు 8 వేలు! ఇంత పెద్ద చోట దూరపు స్పీకరు కాస్త ఆగి పలకాలి, లేకపోతే 34 మీటర్లకు సెకనులో పదో వంతు చొప్పున మాటలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

మీ ఇంట్లో ఏ చిప్పూ లేకుండా 12 డెసిబెల్లు సంపాదించే ఉపాయం చెప్పనా? నాలుగు మీటర్ల దూరం నుంచి మాట్లాడేవారు ఒక మీటరు దగ్గరికి రావాలి, అంతే! దూరం సగమైనప్పుడల్లా 6 డెసిబెల్లు చేరతాయి. రెండు మైకుల మిషన్ ఇచ్చే లాభం మామూలుగా మూడు నుంచి అయిదే.

పాత సెల్‌ఫోను చెవి మిషన్ దగ్గరికి వస్తే 217 శ్రుతిలో జుయ్యిమనేది! జీఎస్ఎం ఫోను సెకనుకు 217 సార్లు సంకేతం వదిలేది. చాలామంది ఆడవాళ్ళ గొంతు శ్రుతి కూడా అటూ ఇటూగా అంతే.

ట్రాన్సిస్టర్ రేడియో కంటే ట్రాన్సిస్టర్ చెవి మిషనే ముందు పుట్టింది! సోనోటోన్ 1010 అనేది 1952 డిసెంబరులో 229 డాలర్ల 50 సెంట్లకు అమ్మకానికి వచ్చింది, జేబు రేడియో రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. చెవి మిషన్ తయారీదారుల దగ్గర ట్రాన్సిస్టర్‌కు బెల్ ప్రయోగశాల రుసుము తీసుకోలేదు. టెలిఫోను కనిపెట్టిన గ్రహంబెల్ గౌరవార్థమట. ఆయన తల్లికీ భార్యకూ వినిపించేది కాదు.

మొదటి డిజిటల్ మిషన్లలో ఒకటి చెవిలో కాదు, జేబులో ఉండేది! 1987 నాటి నికొలెట్ ఫీనిక్స్‌కు జేబులో పెట్టె, చెవికి తీగ. ఎక్కువ కాలం నిలవలేదు. 1996లో డెన్మార్క్ నుంచి పూర్తి డిజిటల్ మిషన్లు రెండు కంపెనీలవి వచ్చాకే ఆట మొదలైంది.

పోర్చుగల్ రాజు ఆరో జొవాఁవ్ కుర్చీయే ఆయన చెవి మిషన్! 1819లో చేయించిన ఆ సింహాసనం చేతులు నోరు తెరిచిన సింహాలు. విన్నపం చేసేవాడు మోకాళ్ళ మీద కూర్చుని సింహం నోట్లోకి మాట్లాడితే, గొట్టం దారిన రాజుగారి చెవికి చేరేది. రొద తగ్గింపు సంగతేమో గానీ అర్జీలు మాత్రం తగ్గి ఉంటాయి!

మిషన్ లోపలి లెక్కల పద్ధతిని అల్గారిథం అంటాం కదా, అది ఒక మనిషి పేరు! తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో ఉండి అరబీలో గణితం రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ నోళ్ళలో నలిగి అలా అయింది.

ముంబయిలోని జాతీయ వినికిడి సంస్థకు మన హైదరాబాదీ పేరే! అలీ యావర్ జంగ్ ఉస్మానియాకు ఉపకులపతి, ఈజిప్టులో భారత రాయబారి, మహారాష్ట్రకు గవర్నరు. 1983లో పెట్టిన ఆ సంస్థ శాఖ సికింద్రాబాదులో ఉంది.

రియాద్‌లో ఒక్క చెవికే ఒక వైద్య కేంద్రం ఉంది! కింగ్ సౌద్ విశ్వవిద్యాలయానికి చెందిన కింగ్ అబ్దుల్లా చెవి కేంద్రంలో ముక్కుకూ గొంతుకూ వాటా లేదు.

మార్చి 3నే ప్రపంచ వినికిడి దినం ఎందుకు? మూడో నెల మూడో తేదీ, 3.3 అని రాసి చూడండి, రెండు చెవులు కనిపిస్తాయి!

అవును, ఆ ట్రాన్స్‌ఫార్మర్ స్వరం సంగతి మరిచారా? 100కు 120, అంటే 5కు 6. సాధారణ గాంధారం! విజయవాడ ట్రాన్స్‌ఫార్మర్ ‘స’ పట్టుకుంటే రియాద్ ట్రాన్స్‌ఫార్మర్ ‘గ’ అందుకుంటుంది.

చివరిగా దాచుకున్నది. చెవి వినడమే కాదు, తానే శబ్దం చేస్తుంది! 1978లో డేవిడ్ కెంప్ అనే ఆయన చెవిలో ‘టిక్’మనిపించి మైకు పెడితే లోపలినుంచి బదులు వచ్చింది. రోమకణాలు కదిలి పంపే సన్నటి ప్రతిస్పందన అది. సౌదీలో 2016 నుంచి నడుస్తున్న నవజాత శిశువుల వినికిడి పరీక్షలాంటి వాటిలో పనికొచ్చేది ఈ బదులే: పాపాయి నిద్రపోతూ ఉంటుంది, ఆమె చెవి మాత్రం ‘ఆఁ, వింటున్నా’ అంటుంది!